కొక్కెం మెడలో మడత

“సుత్తి దెబ్బ వంకరగా పడింది. తప్పు బోగుమిల్‌ది. ఈ రిపోర్టు మీద సంతకం పెట్టు, యాగ్నా,” అన్నాడు డైరెక్టర్ రెమిగ్యుష్.

యాగ్న పెట్టలేదు. వాళ్ల ఫోర్జింగ్ కర్మాగారంలో చేసిన క్రేన్ కొక్కెం ఓడరేవులో విరిగి ఒకడి కాలు నుజ్జయింది. మధ్యాహ్నం ప్రాసిక్యూటర్ వస్తోంది. యాగ్న వేసిన కంప్యూటర్ లెక్క ప్రకారం ఎర్రగా కాల్చిన ఉక్కు సుత్తి దెబ్బకి అచ్చులో ఎక్కడా మడత పడకుండా పారాలి; మడత పడిన చోటే కొక్కెం విరిగేది. లెక్క సరైతే తప్పు సుత్తి నడిపినవాడిదే. బోగుమిల్ జైలుకు పోతాడు.

ఆమె విసురుగా సుత్తి షెడ్డులోకి వెళ్లింది.

“రండి ఇంజనీరమ్మా! బేడీలకి కొలతలు తీసుకోడానికొచ్చారా?” అంటూ బోగుమిల్ గుప్పెడు రంపపు పొట్టు తీసి అచ్చులోకి విసిరాడు. భగ్గున మంట లేచింది.

“అదేంటి? గ్రాఫైట్ పూయాలిగా?”

“గ్రాఫైటా? చలికాలం నుంచీ దాని మొహమే చూళ్లేదు. ఖర్చెక్కువని డైరెక్టరు గారు ఆపేశారు. అయ్యో, మీకు చెప్పలేదా?”

యాగ్నకు ఒళ్లు మండిపోయింది. ఆమె లెక్క మొత్తం గ్రాఫైట్ జారుడు మీదే నిలబడింది. పొట్టు వేస్తే ఉక్కు అంత నునుపుగా జారదు, అచ్చు గోడను పట్టుకుంటుంది.

పైకి పరుగెత్తి లెక్కలో ఆ జారుడు అంకె ఒక్కటీ మార్చింది. తెర మీద ఉక్కు కొక్కెం మెడ దగ్గర ఆగి, తన మీదికి తానే ముడుచుకుంది.

లారీలోకి ఎక్కిస్తున్న కొక్కేల్లోంచి ఒకటి లాక్కొచ్చి నిలువునా కోయించింది. కోత మీద యాసిడ్ పోస్తే చెక్కలో చారల్లా ఉక్కు పారిన గీతలు తేలాయి. మెడ దగ్గర అవి వెనక్కి మడతపడి ఉన్నాయి. తెర మీద చూపిన చోటే.

రెమిగ్యుష్ వచ్చి చూశాడు. “ఒక్కటేగా. మిగతావి బాగానే ఉంటాయి. లారీ కదలనివ్వండి.”

“బాగుంటాయా?” యాగ్న ఇంకో కొక్కేన్ని క్రేన్‌కు తగిలించి, దానికి బరువైన ఉక్కు అచ్చు దిమ్మె కట్టించి పైకెత్తించింది. “రండి. దీని కింద నిలబడండి.”

“నీకేమైనా పిచ్చా?”

“బాగుందన్నారుగా! ఒక్క నిమిషం నిలబడండి, ఇక్కడే సంతకం పెడతా. బోగుమిల్‌ని జైలుకి మీరే పంపించుకోండి.”

సుత్తులు ఆగిపోయాయి. రెమిగ్యుష్ తలెత్తి చూశాడు. పెదవులు తడుపుకున్నాడు. వెనక్కి జరిగాడు.

“అదేంటి సార్, అంత దూరం పోతున్నారు? ఇక్కడ నీడ కూడా ఉంది!” అరిచాడు బోగుమిల్. ఎవరూ నవ్వలేదు.

అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడ్డ ప్రాసిక్యూటర్ అంతా చూసింది. “ఆయనెందుకు జరిగారు?” అంది.

యాగ్న కోసిన కొక్కేన్ని ఆమె చేతిలో పెట్టింది.

“ఆయన్నే అడగండి. గ్రాఫైట్ సంగతితో మొదలుపెట్టండి.”