తొమ్మిదో మలుపు రాయి

బిష్కెక్‌లోని ఆ ఆఫీసులో పొద్దున్నే టీ తాగి అందరూ మ్యాపుల ముందు కూర్చుంటారు. దారి గీతలోని చుక్కలు కొన్ని తీసేసి తేలిక చేస్తేగాని, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే కొండల్లో ఫోన్లకు మ్యాపు అందదు. తీసేసిన ప్రతి చుక్కా రాయై నేల మీద రాలుతుంది. ఊడ్చే బుర్మా ఎజె, అంటే బుర్మా అక్క, వాటిని బకెట్లోకి ఎత్తి పారబోస్తుంది.

తొక్తోసున్ కూర్చున్నచోటే గీసిన దారుల్లోంచి ఇసుకే రాలేది. ఇరవై మూడేళ్లు చాకిరీ చేసినా మ్యాపులో ఎక్కడా అతని పేరు లేదు. నిన్నగాక మొన్న వచ్చిన అసిల్కాన్ అనే పిల్ల దారుల్లోంచి మాత్రం నాచు పట్టిన తడి గులకరాళ్లు రాలేవి. ప్రతి దారీ ఆమె కాళ్లతో నడిచి గీసింది మరి. అవి చూస్తే తొక్తోసున్‌కు ఒళ్లు మండిపోయేది.

లారీ డ్రైవర్లు ప్రతి గురువారం వచ్చి ఇద్దరి మ్యాపుల్లో ఒకటి ఎంచుకుంటారు.

"తొక్తోసున్ బైకె, అన్నా, నా మ్యాపు బరువైపోయింది. కాస్త తేలిక చేసిపెట్టవా? ఆ పనిలో నీ తర్వాతే ఎవరైనా," అంది అసిల్కాన్.

"ఊరేగేది నువ్వు, చాకిరీ నాదా?" అని కసిరాడు గాని, లోపల పండగే. కెర్‌బెల్ కనుమ దారిలో తొమ్మిదో మలుపు మొత్తం పీకేశాడు. దారి తిన్నగా లోయ మీదుగా పోయింది. డ్రైవర్లు చూసి నవ్వితే చాలనుకున్నాడు.

గుమ్మడికాయంత రాయి కాలి మీద పడింది.

"ఇది నా బకెట్లో పట్టదు. నీ పాపం నువ్వే మొయ్యి," అంది బుర్మా ఎజె. "డ్రైవర్ జపార్ గురువారం దాకా ఆగడు, రేపే లారీలో గొర్రెల్ని ఎక్కించుకుని ఆ కనుమ మీదుగా పోతున్నాడు, ఆ పిల్ల మ్యాపు చూసుకుంటూనే. తెలుసా?"

తొక్తోసున్ గబగబా తాడు వెతికాడు. రాలిన రాయిని కొండ మీద దాని చోట పెడితేగాని మలుపు తిరిగిరాదు. మర్నాడు తెల్లవారగానే రాయి వీపున కట్టుకుని, అసిల్కాన్‌ను తిట్టుకుంటూ కనుమ ఎక్కాడు. తొమ్మిదో మలుపు దగ్గర మంచులో దాన్ని దింపేసరికి లారీ హారన్ వినిపించింది. ఫోన్లో దారి మెల్లగా వంగింది. లారీ కూడా దాని వెంటే తిరిగింది.

"ఈ వయసులో రాళ్లు మోస్తున్నావేంటి బైకె?" అని జపార్ నవ్వుకుంటూ పోయాడు.

గురువారం అందరూ అసిల్కాన్ మ్యాపే కావాలన్నారు. తప్పు దొరక్కపోతుందా అని తొక్తోసున్ ఒక డ్రైవర్ ఫోను లాక్కున్నాడు. తొమ్మిదో మలుపు పక్కన అక్షరాలు కనిపించాయి: తొక్తోసున్ మలుపు.

"నేను రాయలేదు బైకె," అంది అసిల్కాన్.

అతను వేళ్లతో పెద్దది చేసి చూశాడు. ఇంకా పెద్దది చేశాడు.

"అక్షరాలు ఇంత చిన్నగానా పెట్టేది?" అన్నాడు.