ఉప్పునీళ్ళలో ముంచిన వేలు

పుష్పకుమారి పోయి నలభై రోజులైంది. ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టారు. ఆమె తమ్ముడు బెన్హర్ తప్ప అందరూ వచ్చారు. అతని కూతురు షారన్ మాత్రం స్కూలు సంచితోనే వచ్చి వెనక కూర్చుంది. పాస్టరుగారు ఆమెన్ అనగానే పుష్పకుమారి భర్త క్రీస్తురాజు దగ్గరికి నడిచింది.

"నాయన సరిగ్గా తినడంలేదు మామయ్యా. రొయ్యల గుంటల కాడే పడుంటున్నాడు. అక్కను నేనే చంపినా అంటాడు."

క్రీస్తురాజు మనుబోలు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాడు. ఆచితూచి మాట్లాడే మనిషి. 'మీ నాయన తప్పేం లేదమ్మా' అనడం ఎంతసేపు? కానీ అది పూర్తిగా నిజమో కాదో అతనికే తేలలేదు.

అక్క జబ్బుపడ్డ రోజు బెన్హర్ గుంటలో రొయ్యలు పడుతున్నారు. మనుషులు చాలకపోతే పుష్పకుమారి సాయం వెళ్ళింది. రొయ్య తలముల్లు బొటనవేలిలో దిగింది. గుంటల మీద బతికేవాళ్ళకు అది మామూలే. ముల్లు దిగితే ఆ గుంట ఉప్పునీళ్ళలోనే వేలు ముంచుతారు. ఉప్పు గాయాన్ని కడిగేస్తుందని నమ్మకం. బెన్హర్ కూడా అక్క చెయ్యి పట్టుకుని ముంచాడు. "పది నిమిషాలు ఉంచక్కా, చిటికెలో పోతాది" అన్నాడు. ఆమె షుగరు మనిషి. సాయంత్రానికి చలిజ్వరం వచ్చింది. మూడో రోజు నెల్లూరు ఆసుపత్రిలో కన్నుమూసింది.

షారన్ మాట విన్నాక క్రీస్తురాజు క్యారేజీలో అన్నం సర్దించి, షారన్‌ను స్కూటరెక్కించుకుని గుంటలకు బయలుదేరాడు. కట్ట మీద కుక్క మొరిగింది. దాని వెనకే బెన్హర్ లేచాడు, గడ్డం మాసిపోయి.

"కొట్టేదానికొచ్చినావా బావా? కొట్టు."

"క్యారేజీ మోసుకొచ్చి కొట్టేవాణ్ణి యాడన్నా చూసినావా? కూర్చో."

కట్ట మీదే కూర్చున్నారు. క్రీస్తురాజు కుక్కను చూపించాడు.

"దొంగ వాసన తగిలితే ఇది మొరుగుతాది గదా. మన కణాల మీద కూడా అట్టాంటి కాపలా ఉంటాది. గ్రాహకాలంటారు. క్రిమి పైపొర తగలంగానే పసిగట్టి మిగతా కణాల్ని పిలుస్తాయి. చిన్న గాయమైతే వేలు వాచి మానిపోతాది. ఆ వాపు మన మంచికే."

"మరి అక్కకు?"

"క్రిములు నెత్తుర్లో కలిసినాయి. ఒళ్ళంతా ఒకేసారి కాపలా లేచింది. ఊళ్ళో కుక్కలన్నీ నీ గుంట మీద పడితే దొంగ పోతాడో లేదో గానీ, వలలు చినుగుతాయి, కట్ట తెగుతాది. రక్తనాళాల్లోంచి నీళ్ళు ఊటబట్టినాయి, బీపీ పడిపోయింది, కిడ్నీలు ఆగినాయి. క్రిములకు మందులిచ్చినారు. లేచిన కాపలాను అణిచేదానికి వాళ్ళ కాడ మందు లేకపోయింది."

బెన్హర్ నీళ్ళకేసి చూశాడు. "ఆ క్రిములు ఈ నీళ్ళలోవే గదా?"

కాదంటే బెన్హర్ అన్నం తింటాడని క్రీస్తురాజుకు తెలుసు. కానీ అబద్ధం మీద ఎన్నాళ్ళు తింటాడు?

"కావచ్చు. ముల్లుకే ఉండిండొచ్చు. ఆ ముల్లు కూడా ఈ నీళ్ళలోదే. ఏదనేది తేల్చలేమన్నాడు డాక్టరు. ఇంకెవరి వేలూ ముంచనీబాక."

బెన్హర్ మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

"ఇంకోటి విను. ఎవురికీ చెప్పలా నేను. ఆ సాయంత్రం మీ అక్క దుప్పటి కప్పుకొని వణుకుతా, 'ఆసుపత్రికి పోదామా' అనింది. నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటా జ్వరం బిళ్ళ ఇచ్చి, పొద్దున చూద్దాంలే అన్నా. ఈ జబ్బులో ఒక్కో గంటా లెక్కేనంట. ఏటేటా పిల్లలకు ఈ పాఠం చెప్పేవాణ్ణి నేను. నువ్వు తెలీక ముంచినావు. తెలిసీ కూర్చున్నది నేను."

కుక్క వచ్చి బెన్హర్ కాళ్ళ దగ్గర పడుకుంది. అతను తలెత్తాడు.

"ఇన్నాళ్ళూ ఒక్కడివే మోస్తున్నావా బావా?"

"నీ మాదిరే."

షారన్ క్యారేజీ విప్పి గిన్నెలు పరిచింది. బెన్హర్ అలవాటుగా చేతులు కడుక్కోవడానికి గుంటవైపు వంగి, మధ్యలోనే ఆగిపోయాడు. చేతులు ఏం చేయాలో తెలియనట్టు అలాగే చాపి ఉంచాడు. వేళ్ళనిండా పాత ముళ్ళ మచ్చలు.

క్రీస్తురాజు వెంట తెచ్చిన తాగేనీళ్ళ క్యాను తీసి, ఆ చేతుల మీద మెల్లగా వంచాడు.