అడ్డపొగ మచ్చ

వయసు మళ్లాక నేర్చుకున్న అక్షరాలివి. ఒత్తులు తప్పితే మీరే సరిచేసుకుని చదవండి. ఈ కాస్తా రాయడానికి నాకు పదిహేను రోజులు పట్టింది.

లూర్దమ్మ కొండకింద ఆసుపత్రిలో ఊడ్చే పని చేస్తుంది. కాఫీ పళ్లు ఎర్రబడే రోజుల్లో చెత్త ఎత్తుతుంటే, ఎవరో పారేసిన సూది ఆమె వేలికి గుచ్చుకుంది. ఆ వార్డులో హెచ్‌ఐవీ ఉన్న మనిషి ఒకడున్నాడని ఆమెకి తెలుసు. చెబితే పనిలోంచి తీసేస్తారని భయపడి, వేలు కడుక్కుని ఊరుకుంది.

నెల తిరిగాక కోడలి అద్దంలో నోరు తెరిచి చూసుకుంది. అంగిలంతా తెల్లబారి, మధ్యలో ఎర్రటి చుక్కలు. ఆ జబ్బు వస్తే నోరు తెల్లబడుతుందని ఆసుపత్రిలో ఎవరో అనగా విన్నది. దిగులు తట్టుకోలేక చుట్ట వెలిగించింది. చిన్ననాటి అలవాటు కొద్దీ నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చింది.

మనవరాలు సోనికి నాలుగేళ్లు. రోజూ పొద్దున ఇద్దరూ ఒకే ఎండు ఆనపకాయ బుర్రతో అంబలి తాగేవారు. ఆ వారం సంతలో లూర్దమ్మ తనకొక ప్లాస్టిక్ గ్లాసు కొనుక్కుంది. ముద్దుకి వచ్చిన పిల్లకి చెంప కూడా ఇవ్వలేదు.

"మామ్మకి నాతో కచ్చి," అని సోని తల్లికి చెప్పింది.

రెండు నెలలు చూసింది కోడలు జీవిత. "ఏటత్తా, మాతో ఏటి కోపం? నా వంట మీదేనా?"

"నీ వంటకేటే గుంటా, ఉప్పెక్కువైనా తిన్నాను కదా ఆరేళ్లు," అంది లూర్దమ్మ. నవ్వబోయి ఏడ్చేసింది. సూది సంగతి అంతా చెప్పింది.

జీవిత వెనక్కి జరగలేదు. అత్త వేలు తన చేతిలోకి తీసుకుంది. "ఒక్కర్తివీ ఇన్నాళ్లు మోసీసినావా? లెగు. బేగి పోదాం."

ఆసుపత్రిలో రక్తం తీసిన మేడమ్ కసరలేదు. "గుచ్చుకున్న రోజే వస్తే మందులిచ్చేవాళ్లం, పెద్దమ్మా. మూడు నెలలు దాటింది కాబట్టి పరీక్షలో తేలిపోతుంది. ఒకవేళ ఉన్నా, కలిసి తింటే, ముద్దు పెట్టుకుంటే అంటుకోదు."

జబ్బు లేదని తేలింది. మరి నోట్లో తెలుపేమిటని అడిగితే, పళ్ల డాక్టరు టార్చి వేసి చూసి, "అడ్డపొగ ఎన్నేళ్లుగా?" అని అడిగాడు.

"పెళ్లికి ముందునించీ బాబూ."

"నిప్పు కాల్చిన మచ్చ ఇది. ఇప్పుడైనా మానెయ్యి. లేకపోతే క్యాన్సర్ కావచ్చు. ఆరు నెలలకోసారి వచ్చి నాకు నోరు చూపించు."

మర్నాడు సోని బుర్రతో సగం అంబలి తాగి, మూతి తుడుచుకోకుండానే మామ్మకి అందించింది. పిల్ల పెదవి తడి ఆరని చోటే లూర్దమ్మ పెదవి పెట్టింది. ఆఖరి చుక్కదాకా తాగాక, ఆమె చెయ్యి అలవాటుగా బొడ్లోకి పోయింది.

"ఏదే నా చుట్ట?"

"పొయ్యి తాగేసిందత్తా," అంది జీవిత.

— పాంగి అప్పలనర్సమ్మ, అరవై రెండేళ్లు. ఇప్పుడుండేది బొర్రా దగ్గర, చిన్న కూతురింట్లో.