రేకు కోసిన వసంతం

వాన పడింది.

చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు కరిగి, అంచుల వెంట తెల్లగా పారి, కాలవల్లోకి దిగిపోయింది. రోడ్డు నల్లగా మెరిసింది. గాలి నిండా తడిసిన భూర్జ చెట్ల వాసన...

రెట్విక్ అనే ఆ చలిదేశపు ఊరి చుట్టుపక్కల పాత కార్లున్న వాళ్ళంతా ఈ వాన కోసమే కాచుక్కూర్చుంటారు. ఉప్పు కొట్టుకుపోనిదే పాత కారు గడప దాటదు. మనిషికి జలుబు చేసినా ఫరవాలేదు గానీ కారుకు తుప్పు పట్టకూడదు — అదీ వాళ్ళ లెక్క.

హెల్గె లెక్క కూడా అదే.

ఆరేళ్ళ కిందట అతని లేతనీలం కారులో హీటరు చచ్చిపోయింది. పందొమ్మిది వందల అరవై నాలుగు నాటి కారు. ఆ చలికాలమే అతని భార్య గున్నెల్ వేళ్ళకు జబ్బు వచ్చింది. కాస్త చల్లగాలి తగిలితే చాలు, కొసల నుంచి తెల్లబడతాయి. నెత్తురు ఆగిపోతుంది. తిరిగి పారేటప్పుడు మంట — కళ్ళ నీళ్ళొచ్చేంత మంట.

ఈ ఊళ్ళో జూన్ సాయంత్రం కూడా చలే.

గున్నెల్ ఆ కారెక్కడం మానేసింది. ముప్పై వేసవులు అతని పక్కన కూర్చున్న మనిషి. గోల చెయ్యలేదు. అలగలేదు. "నువ్వెళ్ళిరా" అంది, అంతే.

ఆనాటి హీటరు ఎక్కడా దొరకలేదు. వేడీ చల్లదనం రెండూ ఇచ్చే కొత్త పెట్టెలు వచ్చాయి, కానీ అవి పట్టాలంటే డాష్‌బోర్డు వెనక జానెడు రేకు కొయ్యాలి. హెల్గె కొయ్యడమా? కారులో అన్నీ ఆనాటివే ఉన్నాయా అని చూసి మార్కులు వేసే పాత కార్ల సంఘం జడ్జీ అతనే! టార్చి వేసి, మోకాళ్ళ మీద కూర్చుని, ప్రతి కారు పొట్టలోకీ తొంగి చూసే మనిషి. ఓర్వర్ కారులో ఒక్క కొత్త స్క్రూ కనిపించిందని రెండు మార్కులు తీసేసిన మనిషి. ఓర్వర్ అతనికి చిన్ననాటి స్నేహితుడు. అయినా సరే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

పక్క సీటు ఖాళీగా తిరిగింది.

ఒక వేసవి... రెండు వేసవులు... ఆరు.

పోయిన ఆగస్టులో, చెరువంత మైదానంలో పాత కార్లన్నీ చేరిన ఒక బుధవారం సాయంత్రం, హెల్గె ఫ్లాస్కు తీసి అలవాటు కొద్దీ రెండు కప్పుల్లో కాఫీ పోశాడు. ఒకటి తాగాడు. రెండోది బానెట్ మీద చల్లారిపోయింది. దాన్ని చూస్తూ నిలబడ్డాడు. గున్నెల్ లేకుండా ఇది ఉత్త ఇనుము. ఎంత తుడిచినా ఇనుమే.

చలికాలం రాగానే డాష్‌బోర్డు ఊడదీశాడు. మూడుసార్లు కొలిచాడు. కట్టరు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

కోశాడు.

ప్రాణం పోయినంత పనైంది. పోలేదు.

పెట్టె కూర్చుంది. గొట్టాలు కూర్చున్నాయి. ఫ్యాను తిరిగింది. కానీ పంతం ఒకటి మిగిలింది — పైకి ఏమీ కనిపించకూడదు! అందుకని పాత మీటే ఉంచాడు. ఒక కొసన వేడికి ఎర్ర గీత, ఒక కొసన చల్లదనానికి నీలం గీత. ఆ మీట నుంచి కొత్త పెట్టెకు తనే వైర్లు కలిపాడు.

మార్చిలో ఓర్వర్ వచ్చి, వంగి చూసి, నోరెళ్ళబెట్టాడు.

"ఓరి నీ దుంపతెగ! నా స్క్రూకి రెండు మార్కులు తీసేశావు కదరా. మరి దీనికెన్ని తియ్యాలి?"

"అన్నీ తీసెయ్" అన్నాడు హెల్గె.

వాన పడింది.

గున్నెల్ రెండు జతల గ్లవుజులు తొడుక్కుని, మెడ చుట్టూ శాలువా చుట్టుకుని వచ్చి కూర్చుంది. "చర్చి మలుపు దాకానే. వేడి రాకపోతే ఇంటికే" అంది. హెల్గె తలూపాడు.

ఇంజను వేడెక్కింది. మీట ఎర్ర గీత దాకా తోశాడు.

గాలి వచ్చింది...

మంచులాంటి గాలి. తిన్నగా ఆమె చేతుల మీదికి.

గున్నెల్ చేతులు చంకల్లో దాచుకుంది. హెల్గె కారు రోడ్డు పక్కన ఆపాడు. ఆరేళ్ళు ఆగి, రేకు కోసి, చివరికి ఇదా! "వెనక్కి తిప్పేస్తాను" అన్నాడు.

ఆమె ఒక చెయ్యి బయటికి తీసింది. మీటను నీలం గీత వైపు తోసింది.

చల్లగాలి ఆగింది.

వేడి తగిలింది, ముందు మోకాళ్ళకు. తర్వాత ఒడిలోకి. తర్వాత మెడ కిందికి... వెచ్చగా, మెత్తగా, ఆగకుండా.

"నీలం అంటే వేడా, హెల్గె?"

"వైర్లు... తారుమారు చేశాను."

"ముప్పై ఏళ్ళ జడ్జీవి!" గున్నెల్ పగలబడి నవ్వింది.

"రేపు సరిచేస్తాలే."

"ఏమక్కర్లేదు. నేను నేర్చుకున్నానుగా."

హెల్గె ఊపిరి పీల్చుకున్నాడు. ఆరేళ్ళ ఊపిరి. కళ్ళు తడిశాయి, తుడుచుకోలేదు. కారు కదిలింది.

చర్చి మలుపు వచ్చింది. వెళ్ళిపోయింది. ఇద్దరూ దాని సంగతి ఎత్తలేదు. కుడి పక్క సరస్సు, దాని మీద ఆఖరి మంచు పలకలు...

"నువ్వు కొయ్యవనే అనుకున్నాను" అంది గున్నెల్, రోడ్డు వైపే చూస్తూ. "ఆరేళ్ళూ. నాకంటే ఆ రేకే ఎక్కువనుకున్నాను."

ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. నిజం కాదనడానికి ఆరేళ్ళు అడ్డం.

"తప్పు నాదే" అన్నాడు.

గున్నెల్ పై గ్లవుజులు లాగేసింది. తర్వాత లోపలివి. వేళ్ళు ఒడిలో పరుచుకుని చూసుకుంది. గులాబీ రంగు, కొసల దాకా.

కొంతదూరం పోయాక శాలువా వదులు చేసుకుంది.

"అబ్బ, ఉక్కపోస్తోంది" అని, పిడి తిప్పి, కిటికీ అద్దం నాలుగు వేళ్ళ మేర దించింది.

తడి రోడ్డు చప్పుడు లోపలికి వచ్చింది. హెల్గె మాత్రం మీట ముట్టుకోలేదు.