దుప్పటి కింద పెట్టె

లవోన్ క్రెబ్స్ మా ఆవిడకి స్వయానా అక్క. అందుకే ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నాను. ఇక కట్టుకోను. ఆవిడ నా చేతులు రెండూ నరికి గ్యారేజీ సేల్‌లో అమ్మేసి, పైగా మంచి బేరం చేశానని నన్నే మెచ్చుకోమంది.

చేతులంటే నా పానాలు. నేను మెకానిక్‌ని. చదువు మధ్యలో వదిలేసి ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో చేరాను. మా పనిలో యజమాని ఇచ్చేది నెత్తిమీద కప్పు, బండిని పైకెత్తే లిఫ్టు, వారం వారం జీతం. పానాలు, బోల్టు తలకి తొడిగే సాకెట్లు, సుత్తులు, కొలిచే సామాను ఎవడివి వాడే తెచ్చుకోవాలి. పానాల్లేనివాడు మెకానిక్ కాడు, షెడ్డు ఊడ్చేవాడు. ముప్ఫై ఏళ్ళకి పైగా జీతంలోంచి మిగిల్చి మిగిల్చి ఒక్కొక్కటీ కొన్నాను. నా భుజాల ఎత్తు ఎర్ర ఇనపపెట్టె, కింద చక్రాలు, అరల నిండా అవే. మార్చిలో మా షెడ్డు మూతపడితే పెట్టెని ఇంటికి తెచ్చి గ్యారేజీలో ఓ మూల పెట్టాను. మే నెలలో, హైవే పక్కన లారీలు బాగుచేసే షాపులో పని దొరికింది. అక్కడి ఫోర్‌మన్ హైన్స్ ఒక్కటే చెప్పాడు: జూన్ మొదటి సోమవారం పెట్టెతో సహా రా, ఒక జాగా నీకోసం ఖాళీగా ఉంచుతాను. నా వయసువాడితో ఆ మాట అనే మనిషి ఈ ఒహాయోలో మళ్ళీ దొరకడు.

ఆ సోమవారానికి ముందు శనివారమే మా ఊళ్ళో ఊరంతా ఇంట్లో పాత సామాను సేల్ పెట్టే రోజు. ఆ రోజు ఇంటింటా గ్యారేజీ తలుపులు లేస్తాయి, వాకిట్లో బల్లలు పడతాయి. చుట్టుపక్కల కౌంటీల నుంచి జనం నడుముకి చిల్లర సంచులు కట్టుకుని దిగుతారు. లవోన్ ఇల్లు వెనక సందు చివర, అక్కడికి కుక్క కూడా రాదు. మాది మెయిన్ రోడ్డు మీద, రెండు కార్లు పట్టే గ్యారేజీ. కనక తన సామానంతా మా ఇంట్లోనే అమ్ముతానని ఆవిడే నిర్ణయించేసుకుంది. నన్ను అడగలేదు, మా ఆవిడ నోర్మాని అడిగింది. జీతం లేక మూడు నెలలైంది కదా, మనవి కూడా నాలుగు అమ్ముకోవచ్చని నోర్మా తలూపింది.

గ్యారేజీ సేలంటే అంతా చెడ్డదని నేననను. మా పిల్లలిద్దరూ పావు డాలరు మంచుబూట్లతోనే పెరిగారు. నోర్మా కుట్టుమిషను అయిదు డాలర్లకి వచ్చింది, ఇప్పటికీ ఆగలేదు. ఒకడికి అక్కర్లేనిది అక్కరున్నవాడికి చేరితే ఎవరికి నొప్పి? కానీ కొన్నవాడి నొప్పి ఇంటికెళ్ళాక మొదలవుతుంది. ఒకసారి తెచ్చిన టోస్టరు నాకు షాకు కొట్టింది. ఒకసారి తెచ్చిన రగ్గు చలికాలం హీటరు వేసేదాకా మామూలుగానే ఉంది. వేడి తగలగానే ఎవరిదో చచ్చిపోయిన కుక్క మా హాల్లోకి నడిచొచ్చినట్టు కంపు. తిరిగిచ్చేద్దామంటే, అమ్మినాయన ప్రతి ఆదివారం చర్చిలో మా ముందు వరసలోనే కూర్చుంటాడు. ఏం మొహం పెట్టుకుని అడుగుతాం?

అమ్మేవాడి సంగతి ఇంకా అసహ్యం. వాడి ఇంటి లోపలి పేగులన్నీ తీసి వాకిట్లో ఆరేసినట్టే.

శుక్రవారం లవోన్ తన బండిలో మూడు విడతలుగా సామాను దింపింది. పోయిన మొగుడి బూట్లు, లోపల కాలివేళ్ళ గుర్తులు నల్లగా అచ్చుపడి ఉన్నాయి. మెత్త కుట్టిన టాయిలెట్ మూత. సాగిపోయిన ఈతదుస్తులు. సగం వాడిన సెంటు సీసాలు. అన్నిటికంటే ఎక్కువ, సగం కాలిన సువాసన కొవ్వొత్తులు. వనిల్లా, దాల్చినచెక్క, పైన్ చెట్టు, ఇంకా ఏవేవో. అన్నీ ఒకచోట చేరితే పచ్చడిజాడీలో అత్తరు వంపినట్టుంది. పాతవి ఎవరు కొంటారని నోర్మా నెమ్మదిగా అడిగితే, ఒత్తి ఉన్నంతవరకూ కొవ్వొత్తికి వయసు లేదంది లవోన్.

నా పెట్టెని ఎటూ జరపడానికి చోటు లేదు. ఇంటి వెనక కొట్టంలోకి చక్రాల మీద తోద్దామంటే దారంతా గడ్డి, బురద. దాంతో గోడవారనే ఉంచి మీద పెద్ద దుప్పటి కప్పాను. చుట్టూ అంచులు కిందికి దోపాను. మా దేశంలో ఇది ఎవరూ రాయని చట్టం. సేల్ రోజున గ్యారేజీలో దుప్పటి కప్పి ఉన్నది అమ్మకానికి కాదు. పిల్లాడు కూడా దాన్ని ఎత్తి చూడడు. దుప్పటి లేనిది, తలుపుకి ఇవతల ఉన్నది, స్టిక్కరు ఉన్నా లేకపోయినా అడగొచ్చు, బేరమాడొచ్చు. అందుకే వేరే చీటీ రాసి అంటించలేదు. అలా అంటిస్తే జనం నవ్వుతారు.

శనివారం ఏడింటికని బోర్డు పెడితే ఆరు కాకముందే తలుపు కొట్టారు. వ్యాపారానికి కొనేవాళ్ళు అలాగే వస్తారు, తెల్లారకముందే టార్చిలేసుకుని బల్లల కింద వెతుకుతారు. తరవాత మామూలు జనం దిగారు. ఒకావిడ చెప్పులు విప్పి, మట్టికాళ్ళతోనే నోర్మా పెళ్ళి బూట్లు తొడిగి చూసి, అక్కడే వదిలేసింది. ఒకాయన లవోన్ సెంటు సీసాలన్నీ మెడకి కొట్టుకుని ఒక్కటీ కొనకుండా వెళ్ళాడు. ఒక ముసలాయన సగం డాలరు గరిటె పట్టుకుని పావు డాలరుకి అడిగాడు. నేనివ్వనంటే మా వాకిట్లోనే నిలబడి పెళ్ళాంతో, వీళ్ళు దీన్ని సూపులో వాడారో కుక్క తిండిలో వాడారో అన్నాడు. అరగంట తరవాత మళ్ళీ వచ్చి పావు డాలరుకే అడిగాడు. వీళ్ళు మనుషులు. వీళ్ళ మధ్య బతకాలి.

ఎండెక్కాక ఒక ముసలావిడ లవోన్ సోఫా కొంది. ఆవిడకి మోసుకెళ్ళే బండి లేదు.

"వెర్నన్ దింపేస్తాడమ్మా, ట్రక్కు ఉంది, పనేం లేదు కదా అతనికి," అంది లవోన్, నేను పక్కనే ఉండగా.

పనేం లేదన్న మాట నాకు నచ్చలేదు. అయినా ముసలావిడ మొహం చూసి సోఫా ఎక్కించాను. ఆవిడ ఇల్లు ఊరికి అవతల. అక్కడ మెట్లెక్కించి, తలుపు రెక్క ఊడదీసి, సోఫా లోపల పెట్టి, తలుపు మళ్ళీ బిగించి వచ్చాను.

వచ్చేసరికి గ్యారేజీ వాకిలికి అడ్డంగా, తలుపు పట్టాలకి బట్టల క్లిప్పులతో పందిరిలా ఒక దుప్పటి వేలాడుతోంది. దాని నీడలో కొవ్వొత్తుల బల్ల. నీలం పూల దుప్పటి. నాదే. గోడవార చూశాను. సిమెంటు మీద పెట్టె ఉన్నంతమేర శుభ్రంగా ఉంది, చుట్టూ దుమ్ము. పెట్టె లేదు.

"ఇక్కడి పెట్టె ఏది?" అన్నాను.

లవోన్ నవ్వుతూ చిల్లర డబ్బా మూత తీసింది. "అమ్మేశాను. ఎంతో చెప్పుకో చూద్దాం."

"దుప్పటి ఎవరు తీశారు?"

"నేనే. ఎండకి నా కొవ్వొత్తులు కారిపోతున్నాయి. ఇంట్లో ఇంకో దుప్పటి ఎక్కడుందో నాకేం తెలుసు? నూట డెబ్భై అయిదు, వెర్నన్. వాడు నూట యాభై అన్నాడు. ఇనుము బరువే అంత ఉంటుంది, సిగ్గులేదా అని పాతిక పెంచాను."

"అది దుప్పటి కింద ఉంది."

"దుప్పటి తీశాక లేదుగా. ఎంతని అడిగాడు, చెప్పాను. నువ్వు రోజూ తిడుతుంటావు కదా గ్యారేజీలో చోటు లేదని."

"సోమవారం నేను దేంతో పని చెయ్యాలి?"

ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "కంపెనీ ఇవ్వదా? నేను బడి క్యాంటీనులో పాతికేళ్ళు వండాను. ఏనాడైనా ఇంట్లోంచి గరిటె పట్టుకెళ్ళానా?"

నోర్మా ఎక్కడుందని అడిగాను. లోపల ఉంది. ఎవరో ఒకావిడ బాత్రూం వాడుకుంటానని అడిగిందట. అలాంటివాళ్ళు అద్దం వెనక మందుల అర తెరిచి చూస్తారు, దొరికింది జేబులో వేసుకుంటారు. అందుకని నోర్మా తలుపు బయట కాపలా నిలబడింది. బయటికొచ్చి ఆ ఖాళీ చోటు చూసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ దుప్పటి పీకి నేలకేసి కొట్టింది. లవోన్ కొవ్వొత్తుల మీదికి పరుగెత్తింది.

కొన్నవాడు ఎలా ఉన్నాడని అడిగితే, తెల్ల వ్యాను, పొట్టివాడు, ఎర్ర మీసం అంది. ఇంకో మనిషి సాయం పట్టాడట. వెళ్ళేముందు పెట్టెకి తాళంచెవి ఉందా అని అడిగాడట. ఆ మాటతో నాకు అర్థమైంది. ఇనుము కొనేవాడు తాళంచెవి అడగడు. వాడు ఫెరెల్ ఆగ్, ఆదివారాలు కౌంటీ మైదానంలో పాత సామాను సంతలో అంగడి పెట్టేవాడు.

పోలీసు ఫిర్యాదు ఇద్దామని షెరిఫ్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి కుర్ర డిప్యూటీ అంతా విని, టోపీ తీసి తల గోక్కున్నాడు. "మీ ఇంట్లో, మీ మనిషే, ధర చెప్పి డబ్బు తీసుకుంది సార్. దాన్ని దొంగతనమని ఎలా రాయను? కోర్టుకెళ్ళి చూసుకోండి," అన్నాడు. వాడి తప్పేం లేదు.

ఆదివారం చర్చి మానేసి సంతకెళ్ళాను. పెట్టె దూరం నుంచే కనబడింది. ఖాళీ అరలు బార్లా తెరిచి ఉన్నాయి. నా సాకెట్లు సెట్ల నుంచి విడగొట్టి ప్లాస్టిక్ గిన్నెల్లో కుప్పలు పోశాడు. సోడాబుడ్లు అమ్మినట్టు ఒక్కోటి మూడేసి డాలర్లు. బోల్టు బిగింపు కొలిచే నా టార్క్ రెంచిని ఒకడు భుజం మీద తుపాకిలా పెట్టుకుని ఫొటో తీయించుకుంటున్నాడు. దాన్ని కొనడానికి నేనొక చలికాలమంతా సాయంత్రాలు మంచు ఎత్తిపోశాను.

ఇవి నావి, తెలియక అమ్మారు, నీ నూట డెబ్భై అయిదూ తీసుకుని ఇచ్చెయ్యి అన్నాను. రేపు పొద్దున పనికెళ్ళాలని, ఇవి లేకపోతే ఆ పని లేదని కూడా చెప్పాను. బతిమాలాననే చెప్పాలి.

ఫెరెల్ ఆగ్ కోపపడలేదు. కాఫీ ఊదుకుంటూ విన్నాడు.

"వెర్నన్ షూప్‌వి కదూ? కిందటేడు ఒక విధవరాలి సేల్‌లో ఇనుము బిగించి పట్టే బెంచీ వైసు మూడు డాలర్లకి ఎత్తుకెళ్ళావు. నేను నీ వెనకే ఉన్నాను. మూడొందలు పలికేది అది. ఆవిడకి చెప్పావా?"

"దాని మీద మూడని రాసుంది. రాసిన ధర ఇచ్చాను."

"నేనూ అడిగిన ధర ఇచ్చాను."

"దుప్పటి తీసిన సంగతి నీకు తెలుసు. నువ్వు అక్కడే ఉన్నావు."

"ఉన్నాను. మీ వదినే తీసింది, నేను ముట్టుకోలేదు." కప్పు కింద పెట్టాడు. "మిగిలింది నాలుగు వేలకి ఇస్తాను. పాత పరిచయం కనక. పెద్ద పానాలు మాత్రం పొద్దున్నే పోయాయి."

నా జేబులో ఉన్నది ముందురోజు సేల్‌లో మా సామానుకి వచ్చిన డబ్బే. నా మొహం చూసి వాడికి అర్థమైపోయింది, వేరే గిరాకీ వైపు తిరిగాడు. నా పేరు గాట్లు పెట్టిన పానా ఒకటి గిన్నెలోంచి తీసి చూశాను. దానికి కూడా మూడు డాలర్లు. తిరిగి గిన్నెలో పడేశాను. ఒక్క పానాతో ఎవడూ మెకానిక్ కాడు.

సోమవారం ఉత్త చేతులతో హైన్స్ దగ్గరికెళ్ళాను. జరిగింది చెప్పాను. ఆయన ఓపికగానే విన్నాడు. అప్పివ్వడానికి అదనపు పానాలు తన దగ్గర లేవని, మిగతావాళ్ళు ఎవరివీ వేరేవాడి చేతికివ్వరని చెప్పాడు. అది నిజం, నేనైనా ఇవ్వను. పెట్టె సమకూరినప్పుడు రా, ఖాళీ ఉంటే చూద్దాం అన్నాడు. మధ్యాహ్నం మళ్ళీ అటుగా వస్తే, నాకోసం ఉంచిన జాగాలో అప్పటికే ఇంకొకడు పెట్టె దింపుకుంటున్నాడు. పాతికేళ్ళుంటాయేమో. పెట్టె కొత్తది, నీలం రంగు.

సాయంత్రం లవోన్ వచ్చింది. నోర్మా తలుపు సగమే తీసింది. ఆవిడ లోపలికి రాకుండానే ఒక కవరు చాపింది. ఇందులో నీ పెట్టె డబ్బుంది వెర్నన్, మనసులో ఏం పెట్టుకోకు, అక్కాచెల్లెళ్ళ మధ్య ఇలాంటివి మామూలే అంది. ఆవిడ వెళ్ళాక కవరు తెరిచి చూస్తే నూట అరవై మూడు ఉన్నాయి. పన్నెండు ఏమయ్యాయని నోర్మా ఫోను చేసి అడిగింది. పేపర్లో వేసిన సేల్ ప్రకటనకీ ఆ రోజు తాగిన నిమ్మరసానికీ ఎవరి వాటా వాళ్ళు పెట్టుకోవాలి కదా అందట.

పానాలు అమ్మే లారీవాడు శుక్రవారం షాపుల దగ్గరికి వస్తాడు. నా పెట్టెలో ఉండినవన్నీ వాడికి ఒక్కొక్కటీ నోటితో చెప్పాను, వాడు యంత్రం మీద కూడుతూ పోయాడు. ఇవ్వాళ్టి ధరకి పద్నాలుగు వేల నాలుగు వందలు. అందులోంచి లవోన్ కవరు తీసేస్తే, సగం కాలిన కొవ్వొత్తులకి నీడ పట్టినందుకు నాకు పోయింది పద్నాలుగు వేల రెండు వందల ముప్ఫై ఏడు డాలర్లు.