బెత్తెడు సందు

కెమెరాల సంగతి వచ్చిందంటే చాలు, బాబాయికీ ఆయన అన్న కూతురికీ పడదు. పాత భవనాలు ఎంత గట్టిగా ఉన్నాయో చూసి రిపోర్టు రాయడం ఇద్దరి ఉద్యోగం. బాబాయి ఆ పనిలో ముప్పై ఏళ్ళు అరిగిపోయి ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆయన కుర్చీ ఆమెకి వస్తోంది. ఆయన చొక్కా జేబులో ఓ కాంపాక్టు కెమెరా ఉంటుంది. మూలలు అరిగి, పైన వెండిరంగు పోయి, సొట్టపడ్డ సత్తుగిన్నెలా తయారైంది. ఆమె మెడలో కొత్త ఫుల్‌ఫ్రేమ్ కెమెరా వేలాడుతుంది. లెన్సుతో కలిపి రెండు కిలోలకి పైమాటే.

"అది మెడలో వేసుకుని పనికొచ్చావా, పెళ్ళికొచ్చావా అమ్మాయ్?" అన్నాడు బాబాయి ఆ ఉదయం ప్రింటింగు ప్రెస్సు గుమ్మంలో.

"నీ దాంట్లో గోడ ఉందో లేదో తెలుస్తుంది బాబాయ్. నా దాంట్లో గోడకి ఏమయిందో తెలుస్తుంది."

ఆయన నవ్వాడు. అది ఆ రోజు ఆయన నవ్విన ఆఖరి నవ్వు.

ప్రెస్సు రెండంతస్తుల పాత కట్టడం. కింద ప్రింటింగు మిషను. పైన బైండింగు హాలు, అందులో పద్ధెనిమిది మంది ఆడవాళ్ళు బడిపుస్తకాలు కుడుతూ, అట్టలు అంటిస్తూ కూర్చుంటారు. పైఅంతస్తు బరువులో సగానికి పైగా మెట్ల పక్కనున్న ఒకే ఒక్క స్తంభం మోస్తుంది. దాని ఎదురుగా, నేల మీద రెండు పాదాల గుర్తులు పసుపు రంగుతో వేసి ఉన్నాయి. ఆరేళ్ళ కిందట బాబాయే వేయించాడు. ఏటా వచ్చి ఆ పాదాల్లో పాదాలు పెట్టి నిలబడి, కెమెరా గుండెల ఎత్తున పట్టుకుని స్తంభానికి ఒక ఫొటో తీస్తాడు. నిలబడే చోటు ఇంచీ జరిగినా ఏడాదికీ ఏడాదికీ పోలిక చెడిపోతుందని ఆమెకి టేపు పట్టుకోవడం నేర్పిన రోజే చెప్పాడు.

ముందు ఆయన తీశాడు. తరువాత అదే చోట నిలబడి ఆమె తీసింది. కెమెరా వెనక తెర మీద ఫొటోని పెద్దది చేసి చూసి అక్కడే ఆగిపోయింది. స్తంభం మీద వెంట్రుకంత గీత ఒకటి పైనుంచి ఏటవాలుగా దిగి, అంచు దాకా వచ్చి, వెనక్కి తిరిగిపోయింది. బాబాయి ఫొటోలో అదే చోట తెల్లటి సున్నం తప్ప ఏమీ లేదు.

"నీ కెమెరాకి వెంట్రుక కూడా మోకులా కనిపిస్తుంది. అది పైపూత మీద గీతే తల్లీ."

"కావచ్చు. కాకపోతేనో?"

పైపూత మీదిదే అయితే ఓ గరిటెడు సిమెంటుతో పోతుంది. లోపలికి దిగిందే అయితే పైన కూర్చున్న పద్ధెనిమిది మందీ ఎప్పుడు కిందికొస్తారో, ఎలా వస్తారో ఎవరి చేతిలోనూ లేదు. ఆమె అరచెయ్యి స్తంభానికి ఆనించింది. మిషను ఒక్కో కాగితం మింగినప్పుడల్లా స్తంభం సన్నగా వణుకుతోంది.

తేలాలంటే వెనకవైపు చూడాలి. స్తంభానికీ గోడకీ మధ్య ఉన్నది బెత్తెడు సందు. చీకటి, బూజు, ఎప్పటిదో తుప్పు పట్టిన గొట్టం ఒకటి. ఆమె లెన్సు విప్పి ఉత్త కెమెరా ఒక్కటీ పెట్టి చూసినా ఆ సందు మొహం దగ్గరే ఇరుక్కుంది. పోనీ ఫోను పెడదామంటే, మోచెయ్యి దాకా లోపలికి పోయాక తెర కనబడదు, వేళ్ళకి పట్టు దొరకదు. జారితే గోడ పగలగొట్టి తీసుకోవాలి. అంత డబ్బు పోసి తెచ్చిన కెమెరా మెడలో పదకంలా వేలాడుతుంటే ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"జరుగు," అన్నాడు బాబాయి.

తన కెమెరా తాడు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకున్నాడు. దగ్గరి వస్తువులు తీసేందుకు ఉండే పువ్వు గుర్తు నొక్కాడు. చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, ఎముకలూ చర్మమూ తప్ప మరేమీ లేని చేతిని సందులోకి పోనిచ్చాడు. గోడకి చెంప ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆ మీట ఎక్కడుందో ఆయన వేలికి చూడకుండానే తెలుసు.

లోపల మెరుపు మెరిసింది. చెయ్యి బయటికి తీసి చూస్తే ఫొటో అంతా తెల్లగా ఉంది. ఫ్లాషు మరీ దగ్గరైంది. ఆమె పక్క బల్ల మీది పల్చటి కాగితం ముక్క చింపి, రెండు మడతలు పెట్టి ఫ్లాషు మీద అంటించింది. ఆయన మళ్ళీ చెయ్యి పెట్టాడు. ఈసారి మూడు మెరుపులు మెరిశాయి.

ఇద్దరూ తలలు దగ్గర పెట్టి ఆ అగ్గిపెట్టెంత తెరలోకి చూశారు. వెనకవైపు ఉన్నది గీత కాదు, వేలు పట్టేంత పగులు. లోపల ఇనప చువ్వ తుప్పుపట్టి పొరలు పొరలుగా ఉబ్బింది. పగులు అంచుల మీదుగా పాత సున్నం లోపలికి కారి ఎండిపోయింది. దానికి అడ్డంగా సాలెగూడు. కొత్త పగుల్లో సున్నం కారదు, సాలీడు కాపురం పెట్టదు. ఆ పగులు కొన్నేళ్ళుగా అక్కడే ఉంది.

ఆమె ప్రెస్సాయన గదిలోకి వెళ్ళి మిషను ఆపమంది, పైవాళ్ళని వెంటనే దింపమంది. ప్రెస్సాయన చెడ్డవాడేం కాదు. సాయంత్రం నాలుగింటికి లారీ వస్తుంది, బళ్ళు తెరిచేలోగా పుస్తకాలు చేరకపోతే కొంప మునుగుతుంది, ఆయన బుర్రలో అంతకు మించి చోటు లేదు. వెంట వచ్చిన బాబాయి దగ్గర కెమెరా తీసుకుని చూశాడు.

"సాలెగూడు కూడా ఉందే ఇందులో. అంటే పాతదేగా మేడమ్. ఇన్నేళ్ళు పడంది ఇవాళ సాయంత్రంలోగా పడుతుందా?"

"పాతది కాబట్టే అంటున్నాను. లోపల ఇనుము తినేసింది. ఇంక ఎంత మిగిలిందో తెలీదు."

ఆయన సొరుగు లాగి ఫైలు తీసి బల్ల మీద పరిచాడు. ఆరు రిపోర్టులు. ప్రతిదాంట్లోనూ స్తంభం పటిష్ఠంగా ఉందని ఒక వాక్యం, కింద బాబాయి సంతకం.

"ఇవి రాసింది మీ బాబాయి గారే కదా. కిందటేడాదిది ఇంకా నెలరోజులు చెల్లుతుంది. మీరు రాసే కాగితం మీ ఆఫీసుకెళ్ళి, అక్కడ నలుగురి చేతులూ దాటి, ఆర్డరుగా నా దగ్గరికి రానీండి. ఆ నిమిషంలో ఖాళీ చేయిస్తాను. అంతదాకా పెద్దాయన మాటే నాకు మాట."

ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి లేదు. ఆపించే అధికారం ఆమెకి లేదు. ఆమె బాబాయి వైపు చూసింది. ఆయన కెమెరా తిరిగి తీసుకుని, గుమ్మంలో నిలబడి దాని తెరలోకే చూస్తున్నాడు. ఆయన నోరు తెరవాలని ఆమెకి ఎంత ఉందో, తెరవకూడదని కూడా అంతే ఉంది. ముప్పై ఏళ్ళ మంచిపేరు ఇంకో పన్నెండు రోజుల్లో దండ వేయించుకుని ఇంటికి పోవాల్సింది. ఆ పేరు చూసుకునే ఆమె ఈ ఉద్యోగంలోకి వచ్చింది. పైనుంచి అట్టల మీద సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి, మధ్యలో ఎవరో దేనికో పకపకా నవ్వారు.

"ఆ కాగితాలు ఇలా ఇవ్వండి," అన్నాడు బాబాయి.

కలం తీసి మొదటి రిపోర్టులో ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. పక్కన రాశాడు: తప్పు. వెనకవైపు నేను చూడలేదు. కింద సంతకం, తేదీ. రెండోదాని మీదా అదే రాశాడు. అలాగే ఆరూ పూర్తిచేశాడు.

"ఇప్పుడు మీ దగ్గర నా మాట ఇదొక్కటే ఉంది. ఇవాళ పైన ఎవరికేమైనా అయితే, ఇది చదివి కూడా మీరు మిషను తిప్పారని అందరికీ తెలుస్తుంది."

ప్రెస్సాయన లేచి వెళ్ళి తన చేత్తోనే మిషను ఆపాడు.

మిషను ఆగుతూ ఆగుతూ ఒక్క కుదుపు కుదిపింది. స్తంభం వెనకనుంచి సన్నటి పొడి జలజలా రాలింది. అంతటితో ఆగింది.

ఆమె మెట్ల కింద నిలబడి గొంతు వీలైనంత మామూలుగా పెట్టి చెప్పింది. "ఒక్కొక్కరే రండి. పరిగెత్తొద్దు. ఏమీ పట్టుకురావద్దు. మలుపులో స్తంభం మీద చెయ్యి వెయ్యొద్దు."

ఆ ఆఖరి మాట చెప్పాక ఆమె కంటపడింది. మెట్లు దిగి మళ్ళే చోట, మనిషి భుజం ఎత్తున, స్తంభం మీద నల్లటి నునుపైన మరక. రోజూ ఎక్కుతూ దిగుతూ వాళ్ళంతా చెయ్యి ఆనించేది అక్కడే. నమ్మి ఆనించిన చేతుల మరక అది. దాన్ని చూస్తే ఆమెకి ఏడుపొచ్చింది.

ఒకరు దిగారు. ఇద్దరు. ఏమైందని గొణుక్కుంటూ, చేతుల జిగురు కొంగులకి తుడుచుకుంటూ వచ్చారు. ఒకావిడ మరిచిపోయి స్తంభం వైపు చెయ్యి చాచి, నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కుంది. పది. పదమూడు. పదిహేడు. ఇక మిగిలింది సూదక్క. హాలుకి పెద్ద, కుట్టుపని అందరికీ నేర్పింది ఆవిడే గనక ఆ పేరు. మోకాళ్ళ నొప్పులు. ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ కలుపుకుంటూ దిగుతోంది. మలుపు దగ్గర ఆధారం లేక ఆగిపోయింది. వెళ్ళొద్దని అన్న కూతురు అంటున్నా వినకుండా బాబాయి స్తంభం పక్కకి వెళ్ళి తన భుజం ఇచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని వీధిలోకి వచ్చారు.

విషయం విన్నాక సూదక్క ఆయన వైపు తిరిగింది. "మీరు ఏటా వచ్చి చూసుకుని పోతుంటే, మాకేం భయమని కూర్చునేవాళ్ళం పెద్దాయనా," అంది. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది.

మధ్యాహ్నానికి ఇనప జాకీలు తెప్పించి పైకప్పు కింద నిలబెట్టారు. స్తంభం పడలేదు. పడేది కాదని ప్రెస్సాయన ఈరోజుకీ అంటాడు. పడేదో కాదో తేల్చి చెప్పగలిగినవాళ్ళెవరూ లేరు.

ఆఫీసుకి వచ్చాక ఆమె రిపోర్టు రాయడానికి కూర్చుంది. బాబాయి ఎదురుగా కూర్చుని, కెమెరా తాడు మణికట్టు మీద వేసిన ఎర్రటి వాతని రుద్దుకుంటున్నాడు.

"బాబాయ్, ముందువైపు గీత చిన్న కెమెరాలో కనబడలేదని, దానికి అంత శక్తి లేదని రాస్తాను. అబద్ధం కాదుగా. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే ఎవరైనా ఒప్పుకుంటారు."

ఆయన వెంటనే వద్దనలేదు. ఆ మాటలో తల దాచుకునే చోటుందని ఆయనకీ తెలుసు. జేబులోంచి కెమెరా తీసి బల్ల మీద, ఆమె పెద్ద కెమెరా పక్కన పెట్టాడు. దాని ఫ్లాషు మీద కాగితం ముక్క ఇంకా అంటుకునే ఉంది.

"వెనకవైపు ఫొటో దేంతో తీశాం?"

ఆమె చూపు ఆ చిన్న కెమెరా మీద పడింది.

"ఆరేళ్ళూ నా జేబులోనే ఉంది అమ్మాయ్. సందు కూడా అక్కడే ఉంది. నేనే ఆ పసుపు పాదాల్లోంచి కదల్లేదు. ముందువైపు నేను తీసిందీ, వెనకవైపు తీసిందీ, ఆ రెండు ఫొటోలూ పెట్టు. రెండూ ఒకే కెమెరాతో తీసినవని కూడా రాయి."

ఆమె రాసింది.