ఆరో గడిలో రాసిన మాట

...ఇరవై ఎనిమిదేనా ఇంకా, తన చేతిలో చీటీ ముప్పై ఒకటి, ఈ నత్తనడకన మూడున్నర అయితేగాని పిలవరు, పిలిచి మాత్రం ఏం ఒరగబెడతారు, పోయిన నెలా ఇదే విదేశీ విద్యార్థుల ఆఫీసులో ఇదే బెంచీ మీద ఇలాగే కోటు బొత్తం తిప్పుకుంటూ కూర్చుంది, నల్లకోటుకి ఎర్రదారంతో కుట్టిన బొత్తం, చూసినవాళ్ళు నవ్వుతారు పెద్దమ్మా అంటే, నవ్వనీవే అమ్మాయ్, ఊడి ఎక్కడో పడిపోవడం కంటే నయం కదా, వచ్చే గురువారం నల్లదారం తెచ్చి మళ్ళీ వేస్తాలే అంది ఆవిడ, ఆ వచ్చే గురువారం ఇంతవరకూ రాలేదు, ఆరు వారాలైంది, ఇవాళా గురువారమే. ఆవిడని అంటగట్టింది కూడా ఈ ఆఫీసే, ఒంటరి విద్యార్థులకి వారానికో గంట తోడని, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదని ఒక నియమం పెట్టి మరీ, మొదటిరోజు ఎంత సిగ్గేసిందో, పాతికేళ్ళొచ్చి కబుర్లు చెప్పడానికి ఆఫీసు మనిషిని పంపాలా అని, తీరా చూస్తే నలభై ఏళ్ళు బట్టలు కుట్టి కళ్ళజోడు మందం పెంచుకున్న ముసలి దర్జీ, పార్కు గేటు దగ్గర నాలుగింటికి నిలబడి, ఎదురొచ్చే ప్రతివాడి చొక్కా కాలరు వంకరగా ఉందని తిట్టిపోస్తుంటే తను నవ్వాపుకోలేక చచ్చింది, వారమంతా లాబ్‌లో మట్టి జల్లెడ పడుతూ నోట మాట లేకుండా ఉండేది, గదిలో చెవులకి తగిలించుకున్న హెడ్‌ఫోన్లు ఎప్పుడూ తియ్యని రూమ్మేటు, ఆదివారం అమ్మ ఫోన్ చేసి ఎవరైనా ఉన్నారటే నీకక్కడ అంటే, బోలెడంతమంది ఉన్నారమ్మా అని కోతలు కొయ్యడం.

అంతా ఈ ఆఫీసువాళ్ళు నింపమన్న ఆ దిక్కుమాలిన ఫారం వల్ల, ఖాళీ ఉంటే ఏం చేస్తారు, నిద్ర పడుతోందా, ఆరో ప్రశ్న మీకిక్కడ స్నేహితులున్నారా, ఉంటే ఎవరు, అమ్మతో అబద్ధమాడినట్టు ఇక్కడా ఎవరూ లేరని అబద్ధమాడేస్తే సరిపోయేది, బుద్ధి గడ్డి తిని ఆ ఒక్కచోట నిజం రాసింది, ఒక స్నేహితురాలు ఉంది, గురువారాలు నడుస్తాం అని, ఆవిణ్ణి తలుచుకునే రాసింది, వారం తిరక్కుండా ఉత్తరం, మీకు స్నేహితురాలు దొరికినందుకు సంతోషం, ఇక మీకు తోడు అవసరం లేదు గనక ఆమెను వేరొకరికి కేటాయించాం, చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు, పరిగెత్తుకుంటూ వస్తే కిటికీలో గుమాస్తా, మీరే రాశారు కదండీ ఉందని అన్నాడు, ఆ ఉన్నది ఆవిడేనయ్యా మహానుభావా అనలేక, వెనక క్యూలో పదిమంది వింటుంటే వెనక్కి వెళ్ళిపోయింది, ఆ పిరికితనానికి తన చెంపలు తనే వాయించుకోవాలి.

ముప్పై ఒకటి, లేచింది, ఈసారి చెప్పేసింది, నేను రాసింది మీరు పంపిన పెద్దావిడ గురించేనండీ, గుమాస్తా తల కూడా ఎత్తలేదు, వాలంటీర్లు స్నేహితుల కిందికి రారండీ, కొత్త ఫారం ఇస్తాను, ఆరో గడిలో ఎవరూ లేరు అని రాయండి, రెండు వారాల్లో ఎవరో ఒకరిని వేస్తాం, ఎవరో ఒకరేమిటి, ఇదేమన్నా బల్బు మార్చడమా, అయినా పెన్ను తీసుకుంది, ఎవరూ అని రాసింది, పక్కమాట రాయబోయి పెన్ను ఎత్తేసింది, లేకపోవడమేమిటి, బొత్తం ఎవరు కుట్టారు మరి, జ్వరమొచ్చి ఒక గురువారం వెళ్ళకపోతే, ఆ పై వారం, నువ్వు రాకపోతే నాకేం, డాక్టరు నడవమన్నాడు, వచ్చినా రాకపోయినా నాలుగింటికి ఈ గేటు దగ్గరే ఉంటా అని కోపంగా అన్నదెవరు...

గేటు దగ్గరే ఉంటా అంది కదా, మరి ఆరు వారాలుగా తనేం చేసింది, ఉత్తరం పట్టుకుని ఈ ఆఫీసు చుట్టూ తిరిగింది గాని ఒక్కసారి, ఒక్కసారైనా ఆ గేటు దాకా వెళ్ళిందా, కొత్తగా ఇంకో పిల్ల పక్కనుంటే ఉండనీ, ముగ్గురు నడిస్తే దారి అరిగిపోతుందా, అసలు ఆవిడకి వీళ్ళేమని చెప్పి ఉంటారు, ఇంకేం చెబుతారు, ఆ అమ్మాయికి స్నేహితురాలు దొరికింది, ఇక మీరు అక్కర్లేదనే కదా, అయ్యో, ఆవిడ నమ్మే ఉంటుంది, దాని ఈడుపిల్ల ఎవరో దొరికిందని, పోనీలే అనుకుని, సంచిలో వేసుకున్న నల్లదారం తీసి ఇంట్లో పెట్టేసి ఉంటుంది. సగం రాసిన ఫారం కిటికీలోకి తోసేసి బయటికి నడిచింది, వెనకనుంచి సంతకం పెట్టలేదండీ అంటున్నాడు గుమాస్తా, గోడ గడియారంలో నాలుగుకి ఇరవై తక్కువ, పార్కుకి పావుగంట నడక, ఎంత మొద్దు తను, ఆవిడే నా స్నేహితురాలని ఫారానికి చెప్పింది, గుమాస్తాకి చెప్పింది, చెప్పాల్సిన మనిషికి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.